ఎండను బట్టి బ్యాటరీ చార్జింగు

నేడు వ్యవసాయములో బ్యాటరీ కూడ నాగలి, పార, కొడవలి వలె ఒక పనిముట్టయినది. ట్రాక్టరు కదలవలెనన్న బ్యాటరీ కావలెను. పత్తికి, మిరపకు మందు కొట్టు స్ప్రేయరు బ్యాటరీతో నడచును. చేను చుట్టు వేసిన సోలారు కంచె రాత్రి మేలుకొని ఉండుట బ్యాటరీ బలము వలననే. నాగలి అరిగినచో కంటికి కనబడును. బ్యాటరీ చెడుట మాత్రము కంటికి కనబడదు. అది అవసరము వచ్చిన రాత్రియే బయటపడును.

మన పెనుబల్లి ప్రాంతమునకు ఈ విషయము మరింత ముఖ్యము. ఒక ప్రక్క లంకాసాగర్ క్రింది మాగాణి, మరొక ప్రక్క నీలాద్రి అడవి. అడవి అంచున మొక్కజొన్న, వేరుసెనగ, లేత పామాయిలు తోటలు వేయు రైతులకు అడవి పందుల బెడద తెలియనిది కాదు. అదీగాక ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలను తాకు దినములు కలవు. అదే చేనులో పుష్యమాసపు తెల్లవారుజామున 15 డిగ్రీలకు లోపుగా దిగును. ఇంత తేడా గల చోట, సంవత్సరమంతయు ఒకే లెక్కన చార్జి చేయు పరికరము బ్యాటరీకి మేలు చేయజాలదు. వేసవిలో ఎక్కువ పెట్టి చంపును, చలికాలములో తక్కువ పెట్టి చంపును. ఎండను బట్టి చార్జింగును తగ్గించుట, హెచ్చించుట ఎట్లో ఈ వ్యాసములో వివరించుచున్నాను. దీనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. రెండు మూడు చిన్న ఎలక్ట్రానిక్ భాగములు, కొంత శ్రద్ధ చాలును.

ఒక రైతు కంచె

మా మండలములో అడవికి ఆనుకొని మూడెకరముల యాసంగి మొక్కజొన్న వేసిన ఒక రైతు ఫిబ్రవరి నెలలో ఒక ఉదయము నన్ను చేనికి పిలిచినాడు. కంకులు పాలు పోసుకొను దశలో ఉన్నవి. రాత్రి పందుల మంద పడి నాలుగు గుంటల మేర చేనును నేలమట్టము చేసినది. సోలారు కంచె ఉన్నది, పలక ఉన్నది, తీగలు సరిగానే ఉన్నవి. కాని కంచె కొట్టలేదు.

"నిరుడు మార్చిలో కొన్న బ్యాటరీ సార్, ఏడాది కూడ నిండలేదు. అప్పుడే చచ్చిపోయిందేంది?" అని ఆయన అడిగినాడు.

బ్యాటరీ ఉంచిన పెట్టె ఇనుప రేకుతో చేసినది. నడి చేనిలో, నీడ లేని చోట స్తంభమునకు బిగించియున్నది. మూతలు తీసి చూచితిమి. ఆరు గదులలోను నీరు పలకల క్రిందికి దిగి, పలకల పై అంచులు ఎండి తెల్లబడియున్నవి. నిరుడు ఏప్రిల్, మే నెలలలో చేను ఖాళీగా ఉన్నను సోలారు పలక ప్రతిదినము ఆ బ్యాటరీని చార్జి చేయుచునే ఉన్నది. నిండిన బ్యాటరీని, అందులోను కాలుచున్న రేకు పెట్టెలోని బ్యాటరీని, రెండు నెలల పాటు ఉడికించినట్లయినది. వర్షములు, చలి వచ్చిన తరువాత అది ఎట్లో కుంటుచు నడచి, పంటకు కావలసిన రాత్రి ఆగిపోయినది.

ఇంతవరకు నష్టము నాలుగు గుంటలే. నన్ను భయపెట్టినది వేరొక మాట. గట్టుపై నిలిచిన ఇంకొకరు, "ఈ రాత్రికి మోటారు స్టార్టరు నుంచి ఒక తీగ లాగి కంచెకు తగిలిస్తే పోలా?" అనిరి. పాఠకులారా, ఈ మాట మన అడవి అంచు గ్రామములలో అనేకసార్లు వినబడును. దీనికి బలియైనవి పందులు మాత్రమే కావు. పశువులు, వేకువనే చేనికి పోవు కూలీలు, చివరకు తీగ పెట్టిన రైతులు కూడ ప్రాణములు కోల్పోయిరి. కంచె యంత్రము వేల వోల్టుల దెబ్బ కొట్టినను, అది సెకనులో అతి స్వల్ప భాగము మాత్రమే ఉండి ఆగును. తిరిగి దెబ్బ వచ్చులోపల సుమారు ఒక సెకను వ్యవధి ఉండును. కాబట్టి జంతువు బెదరి పారిపోవును గాని చావదు. లైను కరెంటుకు అట్టి విరామము లేదు. అది పట్టిన ప్రాణిని విడువదు. పైగా అది విద్యుత్ చట్టము క్రిందను, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందను నేరము.

బ్యాటరీ బాగుగా ఉన్న కంచెకు స్టార్టరు తీగ ఆలోచన రాదు. బ్యాటరీ చార్జింగు సంగతి ప్రాణముల సంగతి కూడ అని నేను చెప్పుట అందుకే.

ఎండకు బ్యాటరీ లోపల ఏమి జరుగును?

మనము వాడు సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టెను. నేటికిని దాని మూలసూత్రము అదియే. సీసపు పలకలు, వాటి చుట్టు నీటితో కలిపిన గంధకామ్లము. 12 వోల్టుల బ్యాటరీలో ఇట్టి గదులు ఆరు ఉండును. ఒక్కొక్క గది సుమారు 2 వోల్టులిచ్చును.

చార్జింగును కాలువ నీటితో పోల్చి చూడుడు. వోల్టేజి అనగా చెరువులోని నీటి మట్టము. కరెంటు అనగా తూము ద్వారా చేనికి పారు నీరు. మట్టము ఎంత ఎక్కువయిన పారుదల అంత ఎక్కువ. కాని మట్టము ఒక్కటే చాలదు. నేల స్వభావము కూడ చూడవలెను. అదే తూము నీరు రేగడి నేలలో నెమ్మదిగా ఇంకును, ఇసుక నేలలో గడగడ త్రాగినట్లు ఇంకును. బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు రేగడి వంటిది, వేడిగా ఉన్నప్పుడు ఇసుక వంటిది. వోల్టేజి మార్చకున్నను వేడి బ్యాటరీలోనికి ఎక్కువ కరెంటు పోవును.

బ్యాటరీ నిండకముందు ఈ కరెంటు పలకలను మార్చి శక్తిని నిలువచేయును. నిండిన పిదప వచ్చు కరెంటుకు చేయుటకు పని లేదు. అది నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టును. మూతల వద్ద బుడగలు వచ్చుట, నీరు తరిగిపోవుట దీని గుర్తు. ధన పలకల సీసపు చట్రము కూడ క్రమముగా తినివేయబడును. వేడి పెరిగిన కొలది ఈ విడిపోవుట తక్కువ వోల్టేజి వద్దనే మొదలగును. అనగా జనవరిలో సరిపోవు వోల్టేజి మే నెలలో మితిమీరినదగును.

ఇందులో ఒక విషవలయము కూడ కలదు. వేడి వలన కరెంటు పెరుగును. కరెంటు వలన బ్యాటరీ మరింత వేడెక్కును. ఆ వేడికి కరెంటు ఇంకను పెరుగును. మూతలు లేని సీలు బ్యాటరీలలో ఇది ముదిరినచో బ్యాటరీ ఉబ్బి, పగిలిపోవును. ఇంత ముదరకున్నను, బ్యాటరీ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయువు సుమారు సగమునకు తగ్గునని లెక్క.

చలిలో దీనికి వ్యతిరేకము జరుగును. లోపలి మార్పులు మందగించుటచే మామూలు వోల్టేజితో బ్యాటరీ పూర్తిగా నిండదు. సగము నిండిన బ్యాటరీని వారముల తరబడి అట్లే వాడినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, తిరిగి కరగదు. రైతులు "బ్యాటరీ చార్జి పట్టుటలేదు" అనుటకు ఇది ఒక ముఖ్య కారణము.

ఎంత వోల్టేజి ఉండవలెను?

సాధారణ 12 వోల్టుల సీసపు బ్యాటరీకి 25 డిగ్రీల వేడి వద్ద పూర్తి చార్జింగు వోల్టేజి సుమారు 14.4. వేడి 1 డిగ్రీ పెరిగినచో ఒక్కొక్క గదికి 3 నుండి 5 మిల్లీవోల్టుల వరకు తగ్గించవలెను. మధ్యరకముగా 4 తీసికొన్నచో ఆరు గదులకు 24 మిల్లీవోల్టులగును. 1000 మిల్లీవోల్టులు 1 వోల్టు. ఈ లెక్క ప్రకారము:

బ్యాటరీ వేడి 15 డిగ్రీలు – 14.6 వోల్టులు
బ్యాటరీ వేడి 25 డిగ్రీలు – 14.4 వోల్టులు
బ్యాటరీ వేడి 35 డిగ్రీలు – 14.2 వోల్టులు
బ్యాటరీ వేడి 45 డిగ్రీలు – 13.9 వోల్టులు
బ్యాటరీ వేడి 50 డిగ్రీలు – 13.8 వోల్టులు

ఇక్కడ గమనింపవలసినది బ్యాటరీ వేడి, గాలి వేడి కాదు. గాలి 43 డిగ్రీలున్నప్పుడు ఎండలోని రేకు పెట్టె లోపల 50 డిగ్రీలు దాటుట సహజము. చలికాలపు 14.6కును, వేసవి 13.8కిని తేడా సుమారు ముప్పాతిక వోల్టే గదా అని తేలికగా తీసికొనరాదు. నిండిన బ్యాటరీకి ఆ ముప్పాతిక వోల్టు ఉడుకుటకును ఉడకకుండుటకును గల తేడా. బ్యాటరీ తయారుచేసినవారు దానిపై వేరే అంకెలు ముద్రించినచో వాటినే అనుసరింపవలెను.

వేడిని కనిపెట్టు చిన్న భాగము

చెరువు తూము వద్ద నీరటి ఉండును. వాన పడి చేను తడిసినచో తూము బిగించును, ఎండ కాసినచో వదలును. బ్యాటరీకి కూడ అట్టి నీరటి కావలెను. ఆ పని చేయు భాగము పేరు థర్మిస్టరు. ఇది కందిగింజంత ఉండును. వేడి పెరిగిన కొలది కరెంటును అడ్డుకొను దాని శక్తి తగ్గును. ఇట్టి గుణమును మొదట 1833లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే వెండి సల్ఫైడులో గమనించెను. 1930లో అమెరికాలో శామ్యూల్ రూబెన్ దీనిని వాడుకకు తగిన భాగముగా రూపొందించెను. సామాన్యముగా దొరకు థర్మిస్టరు నిరోధము 25 డిగ్రీల వద్ద 10,000 ఓములు, 45 డిగ్రీల వద్ద సుమారు 4,400 ఓములు, 15 డిగ్రీల వద్ద సుమారు 16,000 ఓములు. చార్జింగు పరికరము ఈ మార్పును చూచి, వేడికి తగినట్లు వోల్టేజిని సర్దును. వోల్టేజి తగ్గినచో నిండిన బ్యాటరీలోనికి పోవు కరెంటు దానంతట అదే తగ్గును.

థర్మిస్టరు లేకున్నను ఈ పని చేయవచ్చును. రేడియోలలో వాడు మామూలు సిలికాన్ డయోడు కూడ వేడిని తెలిసికొనగలదు. దాని గుండా కొద్ది కరెంటు పారునప్పుడు సుమారు 0.7 వోల్టు దానివద్ద నిలుచును. వేడి 1 డిగ్రీ పెరిగినచో ఇది సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గును. అట్టి డయోడులు 12 వరుసగా కలిపినచో డిగ్రీకి 24 మిల్లీవోల్టులు తగ్గును. పైన మనము బ్యాటరీకి కావలెనని లెక్కించినది సరిగా ఇదే. కొలదిపాటి ఖర్చుతో దొరకు ఈ డయోడుల వరుస మన నీరటి పని చేయును.

మెకానిక్కు చూపవలసిన భాగము

ఈ పరికరమును టంకము పని తెలిసిన రేడియో, టీవీ మెకానిక్ ఒక పూటలో అమర్చగలడు. ఇది 8 నుండి 12 ఆంపియర్-గంటల చిన్న సీసపు బ్యాటరీలకు, అనగా స్ప్రేయరు, చిన్న కంచె యంత్రము వంటివాటికి తగినది. ట్రాక్టరు బ్యాటరీకి ఇది చాలదు.

18 వోల్టుల డి.సి. అడాప్టరు తీసికొనవలెను. దాని ధన తీగలో 3.3 ఓముల, 10 వాట్ల నిరోధకమును చేర్చవలెను. ఇది ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగకుండ సుమారు 1 ఆంపియరు వద్ద ఆపును. తరువాత ఎల్.ఎం. 317 అను మూడు కాళ్ల రెగ్యులేటరు. దాని అవుట్‌పుట్ కాలికిని అడ్జస్ట్ కాలికిని మధ్య 240 ఓముల నిరోధకము. అడ్జస్ట్ కాలి నుండి ఋణ తీగ వరకు 1 ఎన్ 4148 డయోడులు పన్నెండును, 2000 ఓముల ప్రీసెట్ ఒకటియు వరుసగా కలుపవలెను. డయోడుల నల్లని గీత ఋణ తీగ వైపునకు ఉండవలెను. అవుట్‌పుట్ నుండి బ్యాటరీకి పోవు ధన తీగలో 3 ఆంపియర్ల డయోడు ఒకటి చేర్చినచో, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ వెనుకకు ఖాళీ కాదు.

డయోడుల వరుసను సన్నని గొట్టములో అమర్చి, బ్యాటరీ ప్రక్క గోడకు ఆనించి కట్టవలెను. రెగ్యులేటరును అల్యూమినియం రేకుకు బిగించి బ్యాటరీకి దూరముగా ఉంచవలెను. అది పనిచేయునప్పుడు వేడెక్కును. ఆ వేడి డయోడులకు తగిలినచో నీరటి మోసపోయి, తూమును ముందే బిగించును.

అమర్చిన పిదప, బ్యాటరీ బదులు చిన్న 12 వోల్టుల సూచిక బల్బు తగిలించి, ప్రీసెట్ త్రిప్పి వోల్టేజి సరిచేయవలెను. ఆ సమయమున గది వేడిని థర్మామీటరుతో చూచి, పై లెక్కకు సరిపోవు అంకె వద్ద నిలుపవలెను. గది 32 డిగ్రీలున్నచో 14.4 కాదు, 14.2 వద్ద నిలుపవలెను. చాలమంది ఇక్కడనే పొరపడుదురు.

ఒక హెచ్చరిక. డయోడుల వరుసకు పోవు తీగ తెగినచో వోల్టేజి తగ్గదు సరికదా, పూర్తిగా పైకి పోవును. కావున ఆ తీగను ఎలుకలు కొరకకుండ గొట్టములో వేసి, అతుకులు గట్టిగా టంకము వేయించి, నెలకొకసారి మీటరుతో వోల్టేజి చూచుకొనవలెను.

సోలారు కంట్రోలరు కొనునప్పుడు

సోలారు కంచెకు, ఇంటి దీపములకు వాడు చార్జి కంట్రోలరులలో చాలవాటికి ఈ ఏర్పాటు ఇప్పటికే ఉన్నది. దీనిని టెంపరేచర్ కాంపెన్సేషన్ అందురు. కొనునప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ ఏర్పాటు ఉన్నదా? ఉన్నచో డిగ్రీకి గదికి ఎన్ని మిల్లీవోల్టులు? వేడిని చూచు భాగము పెట్టె లోపలనే ఉన్నదా, లేక తీగతో బ్యాటరీ వద్దకు వచ్చునా? 3 నుండి 5 అని జవాబు వచ్చినచో మంచిది. తీగతో బ్యాటరీకి తగిలించునది అన్నిటికంటె మేలు.

భాగము కంట్రోలరు లోపలనే ఉన్నచో కంట్రోలరును, బ్యాటరీని ఒకే నీడలో ఉంచవలెను. కంట్రోలరు ఎండలో, బ్యాటరీ నీడలో ఉన్నచో చార్జింగు తక్కువగును. కంట్రోలరు గోడ నీడలో, బ్యాటరీ రేకు పెట్టెలో ఉన్నచో చార్జింగు ఎక్కువగును. కంట్రోలరులో బ్యాటరీ రకము ఎన్నుకొను మీట ఉన్నచో, నీరు పోయు బ్యాటరీయా, సీలు బ్యాటరీయా చూచి సరిగా పెట్టుకొనవలెను.

కొన్ని కొత్త స్ప్రేయరులలో, దీపములలో లిథియం బ్యాటరీలు వచ్చుచున్నవి. వాటికి ఈ లెక్క వర్తింపదు. వాటిని వాటితో వచ్చిన చార్జరుతోనే చార్జి చేయవలెను. బ్యాటరీ 45 డిగ్రీలకు మించి వేడిగా ఉన్నప్పుడు చార్జింగు పెట్టరాదు. సీసపు బ్యాటరీ చార్జరును వాటికి ఎట్టి పరిస్థితిలోను వాడరాదు.

పరికరము లేనివారు చేయదగినవి

ఏ పరికరము లేకున్నను వేడిని తగ్గించుట మన చేతిలో ఉన్నది. సోలారు పలకకు ఎండ కావలెను, బ్యాటరీకి నీడ కావలెను. ఈ రెండింటిని ఒకే స్తంభమునకు బిగించుట వలననే సగము నష్టము. రెండు మూడు గజముల దళసరి తీగ వేసి, బ్యాటరీని చెట్టు నీడలోనికో, తాటాకు పందిరి క్రిందికో మార్చుడు. రేకు పెట్టె తప్పనిసరియైనచో దానికి సున్నము పూయుడు. పైన, క్రింద గాలి పోవు రంధ్రములు పెట్టుడు. ఈ రంధ్రములు చల్లదనమునకే కాక, బ్యాటరీ నుండి వచ్చు హైడ్రోజన్ బయటకు పోవుటకు కూడ అవసరము.

చేను ఖాళీగా ఉండు వేసవి నెలలలో కంచె బ్యాటరీని పూర్తిగా నింపి, విప్పి, ఇంటిలో చల్లని చోట ఉంచుడు. నెలకొకసారి చార్జి చేయుడు. ఖాళీ చేనిలో నిండిన బ్యాటరీని రోజంతయు చార్జి చేయుట వలన ఎవరికిని లాభము లేదు.

స్ప్రేయరు వాడు రైతులకు ఒక మాట. ఉదయమంతయు మందు కొట్టి, మధ్యాహ్నము ఇంటికి రాగానే వేడి బ్యాటరీకి చార్జరు తగిలించుట మనకు అలవాటు. అట్లు చేయక, స్ప్రేయరును కడిగి నీడలో ఉంచి, ముట్టుకొన్న చేతికి వేడి తగలనప్పుడు, సాయంకాలము చార్జింగు పెట్టుడు. అట్లని ఖాళీ బ్యాటరీని రోజుల తరబడి ఉంచరాదు. పచ్చదీపము వెలిగిన పిదప చార్జరు తీసివేయుడు.

బ్యాటరీ స్థితిని తెలిసికొనుట

ఒక చిన్న మల్టీమీటరు రైతు ఇంట ఉండదగిన వస్తువు. చార్జింగు ఆపి, ఏమియు వాడక కొన్ని గంటలు ఉంచిన తరువాత బ్యాటరీ కొలిచినచో, 12.6 లేక 12.7 వోల్టులున్న నిండినట్లు. 12.2 ఉన్న సగము. 11.9 ఉన్న దాదాపు ఖాళీ.

వేసవి మధ్యాహ్నము చార్జింగు జరుగుచుండగా కొలువుడు. బ్యాటరీ ముట్టుకొనలేనంత వేడిగా ఉండి మీటరు 14.4కు పైన చూపినచో చార్జింగు మితిమీరినట్లు. చలికాలములో ప్రతి తెల్లవారుజామున 12.2కు దిగువనే ఉన్నచో చార్జింగు చాలనట్లు. నీరు పోయు బ్యాటరీలో వేసవిలో పదునైదు రోజులకొకసారి నీటి మట్టము చూడవలెను. తరిగినచో డిస్టిల్డు వాటరు మాత్రమే, పలకలపై ఒక సెంటీమీటరు ఎత్తున నిలుచునట్లు పోయవలెను. బోరు నీరు, బావి నీరు పనికిరావు. వాటిలోని ఉప్పులు పలకలను పాడుచేయును. యాసిడ్ పోయరాదు. తరిగినది నీరే గాని యాసిడ్ కాదు.

బ్యాటరీ మూతలు తీయునప్పుడు బీడీ, అగ్గిపుల్ల దగ్గర ఉండరాదు. హైడ్రోజన్ వాయువు నిప్పు తగిలినచో ప్రేలును. యాసిడ్ కంటిలోగాని, ఒంటిపైగాని పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడిగి, కంటిలో పడినచో ఆలస్యము చేయక వైద్యుని వద్దకు పోవలెను.

గ్రామాధికారులకు

పంచాయతీల సోలారు వీధి దీపములలో కూడ ఇదే కథ నడచుచున్నది. సీసపు బ్యాటరీని స్తంభము మీద ఎండలో, పలక క్రిందనే రేకు పెట్టెలో ఉంచినచో దీపము చెడుటకు ముందు బ్యాటరీయే చెడును. కొత్తవి వేయించునప్పుడు బ్యాటరీ వేడిని బట్టి చార్జింగు మార్చు కంట్రోలరు కావలెనని కొనుగోలు షరతులలో వ్రాయుడు. అడవి అంచు గ్రామములలో ఏటా యాసంగి పంటలు కంకి దశకు రాకముందే, జనవరిలో ఒక దినము రైతు వేదిక వద్ద కంచె బ్యాటరీలు తెప్పించి, ఒక మీటరుతో అన్నిటిని పరీక్షింపజేయుడు. ఒక పూట పని. పందులు పడిన తరువాత పంచనామాలు వ్రాయుటకంటె ఇది సులభము. స్టార్టరు తీగకు ఒకరు బలియైన తరువాత వ్రాయు పంచనామా కంటె ఎంతో సులభము.

పైన చెప్పిన రైతు ఆ రాత్రి తీగ లాగలేదు. మంచె మీద కూర్చుండి డబ్బాలు కొట్టి తెల్లవార్లు కాపలా కాచినాడు. మూడవ రోజున కొత్త బ్యాటరీ తెచ్చినాడు. ఈసారి దానిని గట్టు మీది వేపచెట్టు క్రింద తాటాకు పందిరిలో ఉంచి, తీగతో వేడిని చూచు కంట్రోలరు పెట్టించితిమి. పంట చేతికి వచ్చినది. ఆ మే నెలలో కొలుచుటకై మాత్రమే బ్యాటరీని కొన్ని రోజులు చేనిలో ఉంచమంటిని. ఒక మధ్యాహ్నము రెండు గంటలకు పోయి చూడగా పాత రేకు పెట్టెలో 53 డిగ్రీలు, పందిరిలో బ్యాటరీ ప్రక్కన 40 డిగ్రీలు ఉన్నవి. మీటరు 14.0 వోల్టులు చూపినది. మూతలు తీసి చూచితిమి. నీరు పలకలపై నిలిచియున్నది, బుడగలు లేవు. "ఇప్పుడు దీనికి ఉడుకు లేదు సార్" అని ఆయన బ్యాటరీ మీద చేయివేసి చూచినాడు.

మీరు కూడ ఈ వేసవి రాకముందే ఒకసారి మీ బ్యాటరీ మీద చేయివేసి చూడుడు. చేయి నిలువనంత వేడిగా ఉన్నచో నీడకు మార్చుడు, వోల్టేజి కొలిపింపుడు. సందేహములున్నచో మీ వ్యవసాయ విస్తరణాధికారిని అడుగుడు.